ఆదివారం మాత్ర

మా నాయనమ్మకి కీళ్లవాతం. పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకుపోతాయి, కాఫీ గ్లాసు కూడా రెండు చేతులతో పట్టుకోవాలి. ఆవిడ మాత్రలకి ఏడు అరల ప్లాస్టిక్ డబ్బా ఒకటుంది. ఆదివారం అరలో మెథోట్రెక్సేట్, మిగతా ఆరు అరల్లో ఫోలిక్ ఆసిడ్. సెమిస్టర్ సెలవులకి ఇంటికి వెళ్తే ఆ డబ్బా నింపే డ్యూటీ నాది.

మొన్న సెలవుల్లో ఫోన్‌లో రీల్స్ చూస్తూ నింపాను. రెండు మాత్రలూ చిన్నవే, రెండూ పసుపే. తారుమారు చేసేశాను. ఆదివారానికి ఫోలిక్ ఆసిడ్, మిగతా ఆరు రోజులకీ మెథోట్రెక్సేట్. సోమవారం రాత్రి భోజనం అయ్యాక నాయనమ్మ అర తెరిచి, మాత్రని వేళ్ల మధ్య తిప్పి చూసి, ఇది ఆదివారం మాత్ర కదరా అంది. ఆవిడకి ఇంగ్లీషు చదవడం రాదు. స్ట్రిప్ మీద పేరుతో ఆవిడకి పని లేదు, మాత్ర చేతికి తెలుసు. నేను పెద్దగా పట్టించుకోకుండా రేపు మారుస్తాలే అన్నాను. నాన్న మాత్రం వెంటనే మందుల షాపాయనకి ఫోన్ చేశారు. అవతలి గొంతు కంగారుగా మారడం పక్క గదిలో ఉన్న నాకు కూడా వినిపించింది. వారానికి ఒక్కసారి వేసుకోవాల్సిన మెథోట్రెక్సేట్ రోజూ వేసుకుంటే నోరంతా పుండ్లు పడతాయి, ఎముకల మూలుగలో రక్తం తయారవడం మందగిస్తుంది, ప్రాణమే పోవచ్చు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఒకటి అంత ప్రమాదమైతే ఎందుకు ఇస్తున్నారు, రెండోది దేనికి, అని ల్యాప్‌టాప్ తీసి చదవడం మొదలుపెట్టాను. తెల్లవారేసరికి రెండు మాత్రల దారీ ఒకే ల్యాబ్ దగ్గరికి, ఒకే పేరు దగ్గరికి వచ్చి ఆగింది. యల్లాప్రగడ సుబ్బారావు. మాది భీమవరం దగ్గర పల్లెటూరు. ఆయన పుట్టింది భీమవరంలో. అయినా ఆయన గురించి నాకు తెలిసిందల్లా స్కూల్ క్విజ్‌లో ఒక్క మార్కు జవాబు.

అందుకే మన క్లబ్ వాళ్లు ఈ సంచికకి ఒక ప్రముఖుడి జీవితం రాయమంటే ఈ పేరు ఇచ్చాను. నేను ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీష్ మీడియం. ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం. ఎక్కడైనా ఒత్తులు తప్పితే మన్నించండి.

ముందు గోడ గురించి నాలుగు ముక్కలు

సుబ్బారావు గారి కథ అర్థం కావాలంటే ముందు కణం చుట్టూ ఉండే పొర గురించి తెలియాలి. స్కూల్ పుస్తకాల్లో దాన్ని కణత్వచం అంటారు. కొవ్వు అణువుల్ని రెండు వరసలుగా పేర్చిన పొర అది. మందం ఏడెనిమిది నానోమీటర్లు. ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ లాంటివి ఎవర్నీ అడక్కుండా దాన్ని దాటిపోతాయి. ఎక్కువ ఉన్న వైపు నుంచి తక్కువ ఉన్న వైపుకి, వాటంతట అవే. సోడియం, పొటాషియం, చక్కెర, చాలా విటమిన్లు మాత్రం అలా దూరలేవు. వాటి కోసం పొరలో ప్రొటీన్లతో కట్టిన ద్వారాలు ఉంటాయి. ఒక్కో ద్వారం కొన్ని రకాల అణువుల్నే గుర్తుపడుతుంది. మన భాషలో చెప్పాలంటే ఫైర్‌వాల్‌లో పోర్టులు.

ఇందులో ఇంకో సంగతుంది. మా ఊళ్లో కాలవ నీళ్లు పల్లపు చేలకి వాటంతట అవే పారతాయి. మెరక చేలకైతే ఇంజను పెట్టి తోడాలి, ఇంజనుకి డీజిల్ పోయాలి. కణానికీ అంతే. తక్కువ ఉన్న వైపు నుంచి ఎక్కువ ఉన్న వైపుకి ఏదైనా పంపాలంటే తోడాల్సిందే. ఆ తోడే యంత్రాల్లో చాలావాటికి డీజిల్ లాంటిది ఏటీపీ అనే అణువు. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

భీమవరం నుంచి మద్రాసు దాకా

సుబ్బారావు గారు 1895 జనవరి 12న పుట్టారు. తండ్రి జగన్నాథం గారు రెవిన్యూ శాఖలో ఉద్యోగి, తల్లి వెంకమ్మ గారు. ఇంటి నిండా పిల్లలు, చాలీచాలని రాబడి. చిన్నప్పటి చదువు రాజమండ్రిలో. పదమూడేళ్ల వయసులో ఇంట్లోంచి పారిపోయి, కాశీలో యాత్రికులకి అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదిద్దామని బయల్దేరారట. దార్లోనే పట్టుకుని వెనక్కి తెచ్చారట. మెట్రిక్ రెండుసార్లు తప్పి, మద్రాసు వెళ్లి హిందూ హైస్కూల్లో చేరాక మూడోసారి పాసయ్యారు. బ్యాక్‌లాగ్స్ ఉన్న మిత్రులు ఈ వాక్యం రాసి హాస్టల్ గోడకి అంటించుకోవచ్చు.

ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్ అయ్యాక ఆయనకి సన్యాసం మీద మనసు పోయింది. రామకృష్ణ మిషన్‌లో చేరిపోదామనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. దాంతో మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. 1919లో శేషగిరి గారితో పెళ్లయింది. చదువు ఖర్చుకి మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు సాయం చేశారు.

అవి గాంధీజీ పిలుపు విని కుర్రాళ్లు ఖద్దరు కట్టే రోజులు. సుబ్బారావు గారు ఆపరేషన్ థియేటర్‌లో గౌను కూడా ఖద్దరుదే వేసుకున్నారు. సర్జరీ చెప్పే ఇంగ్లీషు ప్రొఫెసర్‌కి అది నచ్చలేదు. పరీక్షలు బాగానే రాసినా చివరికి చేతికొచ్చింది ఎంబీబీఎస్ కాదు, అంతకంటే కింది స్థాయి ఎల్‌ఎంఎస్ పట్టా. దానితో మద్రాసు మెడికల్ సర్వీసులో ఉద్యోగం దొరకలేదు. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పే పనిలో కుదిరారు.

ఇంట్లో అంతకంటే పెద్ద దెబ్బ తగిలింది. అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి కొద్దిరోజుల తేడాలో చనిపోయారు. ఇద్దరినీ తీసుకెళ్లింది ఒకటే జబ్బు, స్ప్రూ. అదే జబ్బు సుబ్బారావు గారికీ వచ్చింది. లక్ష్మీపతి గారి వైద్యంతో ఆయన బతికి బయటపడ్డారు.

ఈ స్ప్రూ గురించి చదివినప్పుడు నేను కాసేపు ఆగిపోయాను. మనిషి తింటాడు, తిన్నది ఒంటికి పట్టదు. మన చిన్నపేగు లోపలి గోడ మీద వేలి కొసల్లాంటి చూషకాలు లక్షల్లో ఉంటాయి. వాటి మీద కణాలు, ఆ కణాల పొరల్లో ఇందాక చెప్పిన ద్వారాలు. స్ప్రూలో ఆ చూషకాలు అరిగిపోయినట్టు పొట్టిగా అయిపోతాయి. అంటే ద్వారాలు ఉండాల్సిన జాగాయే తగ్గిపోతుంది. విరేచనాలు, నాలుక మంట, రక్తం తగ్గడం, మనిషి ఎముకల గూడులా మారడం. అన్నం కంచంలో ఉంది, నోట్లోకి వెళ్లింది, పేగులోకీ వెళ్లింది. ఆ పల్చటి పొర ఒక్కటి దాటి రక్తంలోకి రావట్లేదు. నిండు ఇంట్లో ఆకలితో పోవడం లాంటిది. ఆ రోజుల్లో ఇది ఎందుకు వస్తుందో, దేనితో తగ్గుతుందో ఎవరికీ తెలీదు.

నీలం రంగు

సుబ్బారావు గారు ఈ ఉష్ణదేశాల జబ్బుల గురించే చదవాలని అమెరికా బయల్దేరారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మనిధి, మామగారు కలిసి డబ్బు సర్దారు. 1920ల మొదట్లో బోస్టన్‌లో దిగారు. కొన్నేళ్లలో తిరిగొస్తాననే వెళ్లారు. ఆయన వెళ్లాక శేషగిరి గారికి కొడుకు పుట్టాడు. పసిగుడ్డుగానే పోయాడు. ఆ బిడ్డని తండ్రి చూడనేలేదు.

హార్వర్డ్ ఉష్ణదేశ వైద్య విభాగంలో సీటు ఉంది గానీ స్కాలర్‌షిప్ లేదు. మన దేశంలో డాక్టరు పట్టా ఉన్నా అక్కడ వైద్యం చేయడానికి పనికిరాదు. పగలు చదువు, రాత్రి హాస్పిటల్లో పోర్టర్ ఉద్యోగం. రోగుల బెడ్‌పాన్లు కడగడం కూడా అందులో భాగమే. మా సీనియర్లు అక్కడ గ్యాస్ స్టేషన్లలో చేసే పార్ట్‌టైమ్ జాబ్‌ల గురించి ఇంట్లో చెప్పరు. ఆయన తల్లికి ఎంతవరకు చెప్పారో అనిపించింది.

డిప్లొమా అయ్యాక హార్వర్డ్‌లోనే బయోకెమిస్ట్రీ విభాగంలో చేరారు. అక్కడ సైరస్ ఫిస్క్ అనే ఆయన దగ్గర పని. మొదటి పని వినడానికి చాలా చప్పగా ఉంటుంది: రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో కొలవడానికి ఒక మంచి పద్ధతి కనుక్కోవడం. నమూనాలో మాలిబ్డేట్ కలిపి, ఆపైన ఇంకో రసాయనం వేస్తే నీలం రంగు వస్తుంది. ఫాస్ఫరస్ ఎక్కువుంటే నీలం ముదురు, తక్కువుంటే లేత. 1925లో అచ్చయిన ఈ ఫిస్క్-సుబ్బారావు పద్ధతిని ఈనాటికీ ల్యాబుల్లో వాడతారు.

అసలు విషయం కండరాల రసాన్ని ఈ పద్ధతిలో పరీక్షించినప్పుడు బయటపడింది. నీలం రంగు ఒక్కసారిగా రాకుండా, నెమ్మది నెమ్మదిగా ముదురుతూ పోతోంది. నేనైతే ఏదో బగ్ అనుకుని రీస్టార్ట్ చేసేవాడిని. వాళ్లు వదల్లేదు. కండరంలో ఫాస్ఫరస్‌ని పట్టుకుని ఉండి, తేలిగ్గా విడిచిపెట్టే పదార్థం ఏదో ఉందని తేల్చారు. 1927లో దాన్ని ప్రకటించారు, ఫాస్ఫోక్రియాటిన్. అప్పటిదాకా కండరానికి శక్తి లాక్టిక్ ఆసిడ్ తయారీ నుంచి వస్తుందని నమ్మేవాళ్లు, ఆ పరిశోధనలకి 1922 నోబెల్ కూడా ఇచ్చేశారు. ఈ కొత్త పదార్థంతో ఆ లెక్క మొదటికొచ్చింది.

1929లో ఇంకో అణువు, అడినోసిన్ ట్రైఫాస్ఫేట్. అదే ఏటీపీ. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా దాన్ని కనుక్కున్నారు. వాట్సాప్ ఫార్వర్డుల్లో లోమాన్ పేరు ఎప్పుడూ ఉండదు గానీ, ఉండాలి.

ఏటీపీ కణాల పొర దగ్గర ఏం చేస్తుందో తెలియడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. 1957లో డెన్మార్క్‌లో యెన్స్ స్కూ పీతల కాళ్లలోని నరాల మీద పనిచేస్తూ సోడియం-పొటాషియం పంపుని గుర్తించారు. ఒక్కో ఏటీపీ ఖర్చుపెట్టి ఈ పంపు మూడు సోడియం అయాన్లని బయటికి నెట్టి, రెండు పొటాషియం అయాన్లని లోపలికి లాగుతుంది. మనం ఊరికే కూర్చున్నప్పుడు కూడా ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో సుమారు ఐదో వంతు నుంచి నాలుగో వంతు దీనికే పోతుంది. పేగులో అయితే దీని ఉపయోగం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. పంపు సోడియంని బయటికి తోడేయడం వల్ల కణం లోపల సోడియం తక్కువగా ఉంటుంది. పేగులో ఉన్న సోడియం ఆ లోటులోకి జారుతూ, తనతో పాటు గ్లూకోజ్‌ని కూడా లాక్కొస్తుంది. వాటి వెనకే నీళ్లూ వస్తాయి. విరేచనాలప్పుడు ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లు తాగమనేది ఇందుకే.

అంటే మనం తిన్న అన్నంలోని చక్కెర పొర దాటాలంటే చివరికి బిల్లు కట్టేది ఏటీపీయే. తోబుట్టువులిద్దరూ తిన్నది ఒంటికి పట్టక పోయిన మనిషి, పొర దగ్గర ఆ పనికి అయ్యే ఖర్చు భరించే అణువుని వేరు చేసి చూపించారు. ఆయనకి ఆ రోజుల్లో ఈ సంబంధం తెలిసే అవకాశం లేదు. ఆయన కండరాన్ని చూస్తున్నారు, పేగుని కాదు. ఈ రెంటినీ కలిపి చూస్తున్నది ఇప్పుడు కూర్చుని చదువుతున్న మనం.

హార్వర్డ్ తలుపు, లెడర్లే తలుపు

1930లో పీహెచ్‌డీ వచ్చింది. పర్మనెంట్ ఉద్యోగం మాత్రం హార్వర్డ్ ఇవ్వలేదు. ఆయన వేరు చేసిన మరికొన్ని పదార్థాల వివరాలు ఫిస్క్ అసూయ వల్ల వెలుగు చూడలేదని, వాటిని తర్వాతి వాళ్లు మళ్లీ మొదట్నుంచి కనుక్కోవాల్సొచ్చిందని, ఆ ల్యాబ్‌లో ఆయనతో పాటు పనిచేసి తర్వాత నోబెల్ అందుకున్న జార్జ్ హిచింగ్స్ చెప్పారు. సుబ్బారావు గారు దీని మీద గొడవ పడిన దాఖలా నాకు ఎక్కడా కనిపించలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లే మందుల కంపెనీకి వెళ్లిపోయారు. కొద్దికాలంలోనే పరిశోధన విభాగం మొత్తం ఆయన చేతికి వచ్చింది.

ఇక్కడి నుంచి ఆయన ఒంటరి శాస్త్రవేత్త కాదు, ఒక పెద్ద టీమ్‌కి లీడర్. లెడర్లే మందులన్నీ ఆయనొక్కరే కనిపెట్టారని రాస్తే మిగతా వాళ్లకి అన్యాయం. ఏ దారిలో వెళ్లాలో చూపించి, ఆ దారిలో వాళ్లని నిలబెట్టిన మనిషి ఆయన.

మొదటి దారి ఫోలిక్ ఆసిడ్. దీని కథ కూడా మన దేశంలోనే మొదలైంది. లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనత మీద పనిచేసి, ఈస్ట్‌తో చేసిన మార్మైట్ అనే పదార్థం పెడితే వాళ్లు కోలుకుంటున్నారని 1931లో రాశారు. అందులో ఉన్న మందు ఏంటో అప్పటికి తెలీదు. 1941లో అమెరికాలో కొందరు శాస్త్రవేత్తలు టన్నుల కొద్దీ పాలకూర నుంచి అలాంటి పదార్థాన్ని తీసి ఫోలిక్ ఆసిడ్ అని పేరు పెట్టారు. టన్నుల పాలకూరతో మాత్రలు చేయలేం కదా. సుబ్బారావు గారి టీమ్ దాని నిర్మాణం తేల్చి, 1945 నాటికి ల్యాబ్‌లోనే తయారు చేసింది.

ఆ మందు దొరకగానే టామ్ స్పైస్ అనే డాక్టరు, ఆయనతో పనిచేసేవాళ్లు క్యూబా, ప్యూర్టో రికోల్లో స్ప్రూ రోగులకి ఇచ్చి చూశారు. నాలుక పుండ్లు మానాయి, ఆకలి తిరిగొచ్చింది, రక్తం పెరిగింది. కారణం మన ఆపరేటింగ్ సిస్టమ్స్ క్లాసులో విన్నట్టే ఉంటుంది. పేగు లోపలి కణాలు కొన్ని రోజులకోసారి రాలిపోయి కొత్తవి పుడతాయి. కొత్త కణం పుట్టాలంటే డీఎన్‌ఏ కావాలి, దానికి ఫోలిక్ ఆసిడ్ కావాలి. ఫోలిక్ ఆసిడ్ లోపలికి రావాలంటే పేగు గోడ బాగుండాలి. గోడ బాగుండాలంటే ఫోలిక్ ఆసిడ్ కావాలి. పక్కా డెడ్‌లాక్. బయటి నుంచి మాత్ర రూపంలో ఎక్కువ మోతాదు ఇస్తే ఆ ముడి విడిపోతుంది.

1948లో ఆయన విభాగం నుంచే ఆరియోమైసిన్ వచ్చింది. బెంజమిన్ డగ్గర్ అనే రిటైరైన వృక్షశాస్త్ర ప్రొఫెసర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి తీసిన మందు అది, టెట్రాసైక్లిన్ జాతిలో మొట్టమొదటిది. ఈనాడు ఉష్ణదేశాల స్ప్రూకి డాక్టర్లు రాసే చికిత్స ఏంటో తెలుసా? ఫోలిక్ ఆసిడ్, టెట్రాసైక్లిన్, రెండూ కలిపి కొన్ని నెలల పాటు. పురుషోత్తం, కృష్ణమూర్తి గార్లకి దొరకని రెండు మందుల కుటుంబాలూ ఒకే ఇంట్లో పుట్టాయి. ఇది చదివినప్పుడు టైమ్ తెల్లవారుజామున మూడున్నర. నాయనమ్మని లేపి చెప్పాలనిపించింది, లేపలేదు.

మధ్యలో 1947లో బోదకాలు జబ్బుకి హెట్రజాన్ కూడా వచ్చింది. దాని అసలు పేరు డైఈథైల్‌కార్బమజీన్. మన గోదావరి జిల్లాల్లో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి దగ్గరుండి మింగించిన బోదకాలు మాత్ర అదే.

ఒకే ద్వారం, ఇద్దరు మనుషులు

ఇప్పుడు నాయనమ్మ డబ్బాలో ఆదివారం అర. ఫోలిక్ ఆసిడ్ అణువులో ఒకట్రెండు చోట్ల చిన్న మార్పు చేస్తే చూడటానికి అచ్చం అలాగే ఉండే అణువు వస్తుంది. సుబ్బారావు గారి టీమ్ అలాంటివి చాలా తయారు చేసింది. వాటిలో ఒకటి అమినోప్టెరిన్. ఫోలేట్లని లోపలికి తీసుకెళ్లే ద్వారాలు కణం పొరలో ఉంటాయని చెప్పాను కదా. ఆ ద్వారం ఈ కొత్త అణువుని కూడా మనవాడే అనుకుని లోపలికి పంపేస్తుంది. లోపలికెళ్లాక అది ఫోలేట్‌తో పనిచేసే ఒక ఎంజైమ్‌కి అతుక్కుని కూర్చుంటుంది. డీఎన్‌ఏ తయారీ ఆగిపోతుంది. ఫేక్ ఐడీ కార్డుతో గేటు దాటి, సర్వర్ రూమ్‌లోకి వెళ్లి మెయిన్ స్విచ్ ఆపేయడం లాంటిది. వేగంగా పెరిగే కణాలు ముందు దెబ్బతింటాయి. లుకేమియా కణాలు అలాంటివే.

ఈ మందుని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే పిల్లల వ్యాధుల పాథాలజిస్టు వాడారు. అప్పటికి లుకేమియా వచ్చిన పిల్లలకి ఇవ్వడానికి మందే లేదు. 1948 జూన్‌లో అచ్చయిన ఆయన పేపర్‌లో 16 మంది పిల్లల సంగతి ఉంది. 10 మందిలో మెరుగు కనిపించింది. అది తాత్కాలికమే, జబ్బు మళ్లీ తిరగబెట్టింది. అయినా మందుతో లుకేమియా వెనక్కి తగ్గుతుందని లోకానికి తెలిసింది అక్కడే. అమినోప్టెరిన్‌కి తమ్ముడి లాంటిది మెథోట్రెక్సేట్. అదీ లెడర్లే నుంచే వచ్చింది. క్యాన్సర్‌కి పెద్ద మోతాదులో వాడే ఆ మందునే కీళ్లవాతానికి చాలా తక్కువ మోతాదులో, వారానికి ఒక్కసారి ఇస్తారు. దాని దుష్ప్రభావాలు తగ్గించడానికి తోడుగా ఫోలిక్ ఆసిడ్. రెండూ ఒకదానికొకటి అడ్డు రాకుండా చాలామంది డాక్టర్లు రోజులు వేరు చేస్తారు. ఏడు అరల డబ్బా వెనక ఉన్న లెక్క ఇది.

ఇంకో చిత్రం చెప్పాలి. కొన్ని క్యాన్సర్ కణాలు ఈ మందుకి లొంగవు. కొన్ని ఆ ద్వారాన్నే మార్చేసుకుంటాయి. కొన్ని లోపలికొచ్చిన మెథోట్రెక్సేట్‌ని పంపులతో బయటికి తోడేస్తాయి. ఆ పంపులు నడిచేది దేనితో అనుకున్నారు? ఏటీపీతోనే. ఆయన 1929లో చూపించిన అణువుని ఖర్చుపెట్టి, 1940ల్లో ఆయన టీమ్ చేసిన మందుల్లాంటి వాటిని కణం బయటికి గెంటేస్తోంది. సైన్స్‌లో విలన్, హీరో అని ఉండరని అప్పుడర్థమైంది. అదే మాత్ర వారానికోసారి అయితే మందు, నా చేతి పొరపాటుతో రోజూ అయితే విషం. ద్వారానికి ఆ తేడా తెలీదు. తెలియాల్సింది డబ్బా నింపేవాడికి.

తిరిగి రాని మనిషి

ఫార్బర్ పేపర్ వచ్చిన రెండు నెలలకి, 1948 ఆగస్టులో, సుబ్బారావు గారు నిద్రలోనే గుండె ఆగి చనిపోయారు. వయసు 53. పాతికేళ్లలో ఒక్కసారి కూడా ఇండియా రాలేదు. శేషగిరి గారిని మళ్లీ చూడలేదు. ఆయన పేరు మీద సుబ్బరోమైసిస్ అనే శిలీంధ్రం ఉంది. 1995లో, శతజయంతికి, మన తపాలా శాఖ స్టాంపు వేసింది.

ఆయనకి నోబెల్ రాలేదని ప్రతి జనవరి 12న బాధపడతాం. నాకు అంతకంటే శేషగిరి గారి గురించే ఎక్కువ ఆలోచన వచ్చింది. మా అక్క డల్లాస్‌లో ఉంటుంది. వీసా స్టాంపింగ్ భయంతో నాలుగేళ్లుగా రాలేదు. రోజూ వీడియో కాల్ ఉన్నా అమ్మ పండగపూట వంటింట్లో కళ్లు తుడుచుకుంటుంది. ఆ కాలంలో ఉత్తరం రావడానికే వారాలు పట్టేది. ఆయన పని వల్ల ఎంతమంది బతికారో లెక్కేయడం నా వల్ల కాదు. ఆ ఖర్చులో కొంత భాగం ఒక ఆవిడ ఒక్కతే కట్టింది, ఆవిడని ఎవరూ అడగలేదు. ఆయన గొప్పతనం రాసేటప్పుడు ఈ మాట వదిలేస్తే తప్పు రాసినట్టే అనిపించింది. వచ్చే ఏడాది నేనూ జీఆర్‌ఈ రాయాలనుకుంటున్నాను. రాస్తాను కూడా. కాకపోతే ఇంతకుముందు ఈ లెక్క వేసుకోలేదు.

తెల్లవారాక ముందు చేసిన పని, డబ్బా మొత్తం ఖాళీ చేసి మళ్లీ నింపడం. ఈసారి ఫోన్ పక్క గదిలో పెట్టాను. ఒక్కో స్ట్రిప్ మీద పేరు పైకి చదివాను. నాయనమ్మ పక్కన కూర్చుని ఒక్కో మాత్రా చూసి తలూపింది. అరల మీద సన్, మన్ అని ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి, అవి ఆవిడకి ఎప్పుడూ ఉపయోగపడలేదు. మార్కర్ తీసుకుని ఏడు అరల మీదా తెలుగులో వారాల పేర్లు రాశాను. ఆదివారం అర మీద పేరు కింద, ఎర్ర మార్కర్‌తో, వారానికి ఒక్కటే అని కూడా రాశాను. ఒక్కటే అన్న మాటలో ఒత్తు సరిగ్గా పడలేదు. నాయనమ్మ కళ్లజోడు సర్దుకుని చదివి, నా చేతిలోంచి మార్కర్ తీసుకుని, బిగుసుకున్న వేళ్లతోనే ఆ ఒత్తు దిద్దింది.